ఎగిరే బొంగరం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు అక్కడ ఉదయం సాయంత్రం పార్కులో నడవడమే పెద్ద కాలక్షేపం. టెక్సస్‌లోనో నార్త్ కరోలినాలోనో చెట్లు దట్టంగా ఉన్న పార్కులో నడుస్తుంటే దారి పక్కన ఓ ఇనుప స్తంభం కనిపిస్తుంది. దానికి నడుమెత్తున కడ్డీల గంప ఒకటి, దాని పైన చుట్టూరా వేలాడే గొలుసులు. చెత్తబుట్ట అనుకుందామంటే అడుగున అన్నీ సందులే. పిట్టలకు గింజలు పోసేదనుకుందామంటే గింజ నిలవదు. ఇదేమిటా అని చూస్తుండగానే చెట్ల సందులోంచి ఓ ప్లాస్టిక్ పళ్లెం సర్రున దూసుకొచ్చి, గొలుసులకు తగిలి, గలగలమని గంపలో పడుతుంది.

"ఇదేం ఆటరా?" అని కొడుకునడిగితే "డిస్క్ గోల్ఫ్ నాన్నా" అంటాడు. పేరు తెలిసింది సరే. అసలు ప్రశ్న ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ పళ్లెం బరువు పావుకిలో కూడా ఉండదు. విసిరింది పదేళ్ల పిల్ల. అంత దూరం, అంత తిన్నగా ఎట్లా వచ్చింది? సరదాకి మనమూ ఒకసారి చేతికి తీసుకుని బలమంతా పెట్టి విసిరితే నాలుగు గజాలు పోయి ఎడమకు ఒరిగి ఎందుకు కూలబడుతుంది?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. అది మన ఊరి పిల్లల చేతుల్లో ఎప్పటినుంచో ఉన్న వస్తువులోనే ఉంది. దాని దగ్గరికి వెళ్లేముందు ఆట గురించి నాలుగు మాటలు.

మూతతో మొదలైన ఆట

ఆట నియమాలు చాలా తేలిక. ఒక గుర్తు దగ్గర నిలబడి డిస్కును గంప వైపు విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడినుంచే మళ్లీ విసరాలి. గంపలో పడేదాకా ఇదే పని. ఎన్ని విసుర్లు పట్టాయో లెక్కపెట్టుకుని తర్వాతి గంపకు నడవాలి. ఒక మైదానంలో తొమ్మిదో పద్దెనిమిదో గంపలుంటాయి. అన్నీ కలిపి తక్కువ విసుర్లలో ముగించినవాళ్లే గెలిచినట్టు. కొత్తవాళ్ల కోసం వేసిన మైదానాల్లో ఒక్కో గంపా యాభై నుంచి ఎనభై మీటర్ల దూరంలో ఉంటుంది, దారి వెడల్పుగా ఉంటుంది. గోల్ఫుకు కావలసిన పచ్చిక తివాచీలు, ఖరీదైన కర్రలు, సభ్యత్వ రుసుములు దీనికి అక్కర్లేదు. ప్రపంచమంతటా ఉన్న మైదానాల్లో ఎక్కువ భాగం ప్రజల పార్కుల్లో ఉన్నవే, పైసా కట్టకుండా ఆడుకునేవే.

1926లో కెనడాలోని బ్లాడ్‌వర్త్ అనే ఊళ్లో బడిపిల్లలు డబ్బా మూతలతో ఇలాంటి ఆట ఆడారు. దానికి టిన్ లిడ్ గోల్ఫ్ అని పేరు కూడా పెట్టుకున్నారు. 1937లో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ మోరిసన్ అనే యువకుడు పాప్‌కార్న్ డబ్బా మూతను విసిరి పట్టుకుంటూ ఆడాడు. మూత సొట్టలు పోవడంతో కేకులు కాల్చే రేకు పళ్లేనికి మారాడు. సముద్రపు ఒడ్డున ఆ ఆట చూసిన ఒకాయన, అయిదు సెంట్ల పళ్లేన్ని పాతిక సెంట్లిచ్చి కొంటానన్నాడట. వ్యాపారం అక్కడ మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానం నడిపి వచ్చిన మోరిసన్‌కు గాలి రెక్కను ఎలా మోస్తుందో అప్పటికి బాగా తెలిసింది. 1948లో ప్లాస్టిక్ పళ్లెం తయారుచేశాడు. దాన్ని ఇంకా మెరుగుపరిచి 1957లో వామ్-ఓ అనే బొమ్మల కంపెనీకి హక్కులు అమ్మాడు. అదే ఫ్రిస్బీగా లోకమంతా తిరిగింది.

ఆ కంపెనీలోనే పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో లాస్ ఏంజెలిస్ దగ్గరి ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానం వేశాడు. మొదట్లో అక్కడ గంపలు లేవు, వట్టి స్తంభాలే. డిస్కు స్తంభాన్ని తాకిందా లేదా అని రోజూ తగవులు. ఆ తగవు తీర్చడానికే గొలుసుల గంపను కనిపెట్టి 1977లో పేటెంటు పొందాడు. ఆటగాళ్ల సంఘం 1976లో ఏర్పడింది. చెట్ల మధ్య ఆడే ఆటకు మొదటి మైదానం నుంచీ పార్కే ఇల్లు.

గాలి అడ్డమా, ఆసరానా?

ఇప్పుడు లెక్క చూద్దాం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో ఒక రాయిని విసిరామనుకోండి. గాలి అసలు లేకపోయినా, సరిగ్గా 45 డిగ్రీల వాలులో విసిరినా అది 41 మీటర్లకు మించి పోదు. భూమి లాగే బలం అంతకన్నా దూరం పోనివ్వదు. నిజంగా గాలి ఉంది కాబట్టి ఇంకా ముందే పడుతుంది. రాయికి గాలి పూర్తిగా అడ్డమే.

అదే వేగంతో డిస్కును విసిరితే అరవై డెబ్భై మీటర్లు పోతుంది. అదీ పైకి కాదు, దాదాపు నేలకు సమాంతరంగా విసిరితేనే. రాయిని అడ్డుకున్న గాలే డిస్కును మోసిందన్నమాట.

ఎలా మోస్తుంది? డిస్కును చేతిలో పెట్టుకుని పక్కనుంచి చూడండి. పైభాగం కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, అడుగు బోలుగా ఉంటుంది. ముందుకు పోతున్నప్పుడు ఎదురయ్యే గాలి ఆ ఉబ్బును అంటిపెట్టుకుని ప్రవహించి, వెనక అంచు దాటేటప్పుడు కిందికి మళ్లుతుంది. డిస్కు గాలిని కిందికి నెడితే, గాలి డిస్కును పైకి నెడుతుంది. న్యూటన్ మూడో నియమం అంటే ఇంతే. ఈ బలాన్ని ఎత్తుబలం అందాం. శాస్త్రవేత్తలు లిఫ్ట్ అంటారు. విమానం రెక్క మీద పనిచేసేదీ ఇదే. ముందుకు పోకుండా గాలి పట్టి ఉంచే బలం అడ్డుబలం. దాన్ని డ్రాగ్ అంటారు.

పిల్లలు ఆడుకునే ఫ్రిస్బీకీ ఈ ఆటలో వాడే డిస్కుకూ ఉన్న తేడా ఇక్కడే కనిపిస్తుంది. ఫ్రిస్బీ అంచు మొద్దుగా గుండ్రంగా ఉంటుంది. గాలిలో తేలుతుంది గానీ అడ్డుబలం ఎక్కువ కావడంతో త్వరగా నెమ్మదిస్తుంది. 1983లో డేవ్ డునిపేస్ అనే ఆటగాడి ఆలోచనతో అంచు ఏటవాలుగా చెక్కిన డిస్కు వచ్చింది. గాలిని చీల్చుకుపోయే ఆ అంచుతో దూరాలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. ఇప్పటి గోల్ఫ్ డిస్కులు 21 సెంటీమీటర్ల వ్యాసంతో, ఎక్కువగా 150 నుంచి 175 గ్రాముల బరువుతో ఉంటాయి. 2016లో నెవాడా ఎడారిలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ అనే యువకుడు బలమైన గాలి వాటున ఇలాంటి డిస్కును 338 మీటర్ల దూరం విసిరాడు.

అయితే ఎత్తుబలం ఒక్కటే సరిపోతుందా? ఓ చిన్న పరీక్ష చేయండి. ప్లాస్టిక్ డబ్బా మూతను రెండు చేతులతో పట్టుకుని, అసలు తిప్పకుండా ముందుకు తోయండి. వెంటనే ముందంచు పైకి లేచి, వెనక్కు పల్టీ కొట్టి పడిపోతుంది. అదే మూతను ఒక చేత్తో తిప్పుతూ విసరండి. తిన్నగా పోతుంది. ఆకారం అదే, గాలి అదే. మారిందల్లా తిరుగుడు. అంటే ఈ ఆట మర్మమంతా తిరుగుడులోనే ఉంది.

బొంగరం చెప్పే పాఠం

బొంగరాన్ని ములికి మీద నిలబెట్టి వదిలితే క్షణం నిలవదు. తాడు చుట్టి విసిరితే అదే ములికి మీద నిమిషం పాటు నిటారుగా తిరుగుతుంది. పడేయాలని భూమి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడు ఆగిపోలేదు. మరెందుకు పడదు?

తిరిగే వస్తువుకు ఒక మొండితనం ఉంటుంది. తన ఇరుసు ఏ దిక్కుకు ఉందో ఆ దిక్కునే పట్టుకుని ఉండాలని చూస్తుంది. ఎంత వేగంగా తిరిగితే అంత మొండితనం. దీన్ని తిరుగుడు నిలకడ అందాం. ఇది మొదటి పాఠం.

రెండోది ఇంకా చిత్రమైనది. తిరుగుతున్న బొంగరం కాస్త ఒరిగిందనుకోండి. భూమి దాన్ని ఏ వైపు లాగుతుందో ఆ వైపుకే పడిపోవాలి కదా. పడదు. లాగిన వైపుకు కాకుండా దానికి అడ్డంగా పక్కకు జరుగుతుంది. అలా పక్కపక్కకు జరుగుతూ దాని తల గాలిలో సున్నా చుడుతుంది. తిరిగే వస్తువును ఒక వైపు ఒరగదీయబోతే అది తొంభై డిగ్రీల పక్కకు ఒరుగుతుంది. శాస్త్రవేత్తలు ప్రెసెషన్ అనే ఈ గుణాన్ని మనం పక్కవాటు అందాం.

మూడో పాఠం ప్రతి పిల్లవాడికీ తెలుసు. బొంగరం వేగం తగ్గేకొద్దీ తల చుట్టే సున్నా పెద్దదవుతుంది. తూలుతుంది. చివరికి పడిపోతుంది. నిలకడ తగ్గినప్పుడు పక్కవాటు పెత్తనం చేస్తుంది.

డిస్కు ములికి లేని బొంగరం. నేలకు బదులు గాలి మీద తిరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో సెకనుకు పది చుట్లు, ఆరితేరినవాళ్ల చేతిలో ఇరవై దాకా తిరుగుతుంది. బొంగరానికి బరువంతా పొట్టలో ఉన్నట్టు డిస్కుకు ఎక్కువ బరువు అంచులో ఉంటుంది. వేలితో తడిమి చూస్తే తెలుస్తుంది, మధ్యలో పలచని రేకు, అంచున మందపాటి కడియం. ఇరుసుకు బరువు ఎంత దూరంగా ఉంటే తిరుగుడు అంత నెమ్మదిగా తగ్గుతుంది.

బొంగరానికి తాడు తిరుగుడునిస్తుంది. డిస్కుకు ఆ తాడు పని చేసేది మణికట్టు. కుడిచేతివాటం వాళ్లు డిస్కును ఎడమ ఛాతీ దగ్గరికి తెచ్చుకుని, మోచేతిని ముందుకు లాగి, చివర్లో మణికట్టును ఒక్కసారిగా విదిలిస్తారు. బొటనవేలు పైన, మిగతా నాలుగు వేళ్లు అంచు లోపల. ఆ చివరి విదిలింపులో డిస్కు వేళ్ల పట్టు చీల్చుకుని పోతున్నట్టు ఉండాలి. తాడును మెల్లగా వదిలితే బొంగరం తిరగనట్టే, భుజబలం ఎంత పెట్టినా ఈ విదిలింపు లేకపోతే డిస్కు తిరగదు. పదేళ్ల పిల్ల విసిరింది తిన్నగా పోయి, నలభై ఏళ్ల మనిషి విసిరింది తూలి పడటానికి కారణం ఇదే.

ఎడమకే ఎందుకు పోతుంది?

కొత్తవాళ్లు అందరూ చేసే ఫిర్యాదు ఒకటే. ఎటు విసిరినా డిస్కు ఎడమకే పోయి పడుతోందని. దీనికి జవాబు బొంగరం రెండో పాఠంలో ఉంది.

ఎత్తుబలం డిస్కు అంతటా సమానంగా పనిచేయదు. మొత్తం బలమంతా ఒకచోట పనిచేస్తున్నట్టు లెక్కగడితే ఆ చోటును ఒత్తిడి కేంద్రం అనవచ్చు. డిస్కు మంచి వేగంతో, ముక్కు (అంటే ముందంచు) పైకెత్తకుండా సాగుతున్నప్పుడు ఈ కేంద్రం నడిమికి కాస్త వెనక ఉంటుంది. వేగం తగ్గి, ముక్కు కాస్త పైకెత్తి తేలుతున్నప్పుడు నడిమికి ముందుకు వస్తుంది. ముందు సగాన్ని పైకి నెట్టడమంటే ముక్కును ఇంకా ఎత్తబోవడమే. ఇందాకటి డబ్బా మూత పల్టీ కొట్టింది ఇందుకే.

డిస్కు తిరుగుతోంది కాబట్టి పల్టీ కొట్టదు. పక్కవాటు అడ్డొస్తుంది. ముక్కు ఎత్తబోయిన బలం డిస్కును పక్కకు ఒరగదీస్తుంది. కుడిచేతివాళ్లు ఎడమనుంచి లాగి విసిరిన డిస్కు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. అలాంటి డిస్కు ముక్కు ఎత్తబోతే ఎడమకు ఒరుగుతుంది. ముక్కు దించబోతే కుడికి ఒరుగుతుంది.

అందుకే బాగా విసిరిన డిస్కు గాలిలో ఒక వంకర గీత గీస్తుంది. వేగంగా ఉన్నంతసేపూ కాస్త కుడికి మళ్లుతుంది. నడుమ తిన్నగా సాగుతుంది. చివర్లో వేగం తగ్గగానే ఎడమకు వాలుతూ దిగుతుంది. ఆటగాళ్లు మొదటిదాన్ని టర్న్ అని, చివరిదాన్ని ఫేడ్ అని అంటారు. ఎడమచేతివాళ్లకు ఇదంతా తలకిందులు. కుడిచేత్తోనే కుడిపక్కనుంచి, రాయిని అడ్డంగా విసిరినట్టు విసిరితే తిరుగుడు మారిపోతుంది. డిస్కు చివర్లో కుడికి వాలుతుంది. చెట్ల దారి ఎటు మలుపు తిరిగితే అటు సరిపోయే విసురు ఎంచుకోవడమే అడవిలో ఆడే నేర్పు.

ఇప్పుడు కొత్తవాళ్ల ఫిర్యాదు అర్థమవుతుంది. దుకాణంలో ఎక్కువ దూరం పోయే డిస్కు ఏదని అడిగి, పదునైన అంచున్న డ్రైవరు అనే రకం కొనుక్కుంటారు. గంటకు నూరు కిలోమీటర్లకు పైగా విసరగల చేతుల కోసం చేసిన డిస్కు అది. వాళ్ల చేతిలో దానికి ఆ వేగం అందదు. అంటే దాని ప్రయాణంలో మొదటి రెండు భాగాలూ ఉండవు. చివరి భాగమే మొదటినుంచీ నడుస్తుంది. చేయి దాటగానే ఎడమకు వాలుడు. దానికి తోడు డిస్కు దూరం పోవాలని ముక్కు పైకెత్తి విసురుతారు. అది జివ్వుమని పైకి లేచి, గాలిలో ఆగి, ఎడమకు జారి పడుతుంది.

డిస్కుల మీద నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటిది వేగం అంకె. ఈ డిస్కు సరిగ్గా ఎగరాలంటే ఎంత వేగంగా విసరాలో అది చెబుతుంది. రెండోది తేలుడు, మూడోది కుడి మళ్లుడు, నాలుగోది ఎడమ వాలుడు. కొత్తవాళ్లు వేగం అంకె 2 నుంచి 5 లోపున్న పట్టరు, మిడ్‌రేంజి అనే రకాల డిస్కులే కొనాలి. అవి నెమ్మదిగా విసిరినా తిన్నగా పోతాయి. బరువు 150 గ్రాముల చుట్టుపక్కల ఉంటే చాలు. యాభై అరవై మీటర్ల మైదానానికి అంతకన్నా అక్కర్లేదు.

చెట్లు, గాలి, ఎండ, గొలుసులు

చెట్ల మధ్య ఆటలో దూరం కన్నా దారి ముఖ్యం. నాలుగు మీటర్ల సందులోంచి అరవై మీటర్లు పంపాలి. తప్పితే మొద్దుకు తగులుతుంది. తగిలాక ఎటు పోతుందన్నదానికీ లెక్కుంది. గడియారపు దిక్కున తిరిగే డిస్కు ముందంచు ఎప్పుడూ కుడివైపుకు కదులుతుంటుంది. అది మొద్దుకు నేరుగా తగిలితే బెరడు ఆ కదలికను అడ్డుకుని ఎడమకు తోస్తుంది. కాబట్టి దారికి ఎడమవైపు పొదలుంటే డిస్కు వెతుక్కోవడానికి మరి కాస్త సమయం కేటాయించుకోవాలి.

గాలి వీస్తుంటే ఇంకో సూత్రం గుర్తుంచుకోవాలి. డిస్కుకు నేల మీది వేగంతో పనిలేదు, గాలితో పోల్చిన వేగమే దానికి తెలుసు. ఎదురుగాలిలో విసిరితే ఎక్కువ వేగంతో విసిరినట్టే ఎగురుతుంది. కుడికి ఎక్కువ మళ్లుతుంది, పైకి లేస్తుంది. వెనకగాలిలో నెమ్మదిగా విసిరినట్టే ఎగురుతుంది. త్వరగా ఎడమకు వాలి దిగిపోతుంది. చెట్లు గాలిని కాచేస్తాయి కాబట్టి కొత్తవాళ్లకు బయలుకన్నా తోపులోనే డిస్కు ప్రవర్తన తేలిగ్గా అర్థమవుతుంది.

ఎండ కూడా ఆటను మారుస్తుంది. 15 డిగ్రీల చలిలో ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.22 కిలోలు. మన మే నెల 45 డిగ్రీల ఎండలో అది 1.11 కిలోలకు పడిపోతుంది. గాలి పలచబడితే ఎత్తుబలమూ తగ్గుతుంది, అడ్డుబలమూ తగ్గుతుంది. గాలితో పని చేయించుకోవాలంటే మరి కాస్త వేగం కావాలి. అది అందకపోతే వాలుడు ముందే మొదలవుతుంది. చల్లని ఊళ్లో నేర్చుకున్న విసురు వేసవిలో నల్లగొండ వైపు వచ్చాక కాస్త మారితే చేతిని తప్పుపట్టనక్కర్లేదు.

ఇక గొలుసులు. ఇనుప స్తంభానికి నేరుగా తగిలిన డిస్కు రెప్పపాటులో ఆగాలి. ఎంత తక్కువ సమయంలో ఆగితే అంత పెద్ద బలం పుడుతుంది, అంత గట్టిగా వెనక్కు ఎగిరిపడుతుంది. గొలుసు అలా కాదు. వదులుగా వేలాడుతుంది కాబట్టి డిస్కుతోపాటు కాస్త లోపలికి పోతుంది. ఆగే సమయం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. ఒక్కో గొలుసులో పదుల కొద్దీ లంకెలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. డిస్కు తెచ్చిన శక్తి ఆ రాపిడిలో వేడిగానూ, గలగల చప్పుడుగానూ కరిగిపోతుంది. తిరుగుడు కూడా గొలుసుల మధ్య ఇరుక్కుని ఆగిపోతుంది. శక్తి అయిపోయిన డిస్కు చేసేది ఒక్కటే, తిన్నగా గంపలో పడటం. దగ్గరినుంచి వేసేటప్పుడు గట్టిగా విసరకూడదనేది కూడా ఇందుకే. గొలుసులు కరిగించగలిగినంత శక్తినే వాటికివ్వాలి.

నడిగూడెంలో ఆడాలంటే

ఇక ఈ ఆటను మన ఊళ్లకు తెచ్చుకునే సంగతి. కోదాడ దగ్గరి నడిగూడెం పేరు వినగానే చదువుకున్నవాళ్లకు మునగాల సంస్థానం గుర్తొస్తుంది. రాజా నాయని వెంకట రంగారావు కోట ఆ ఊళ్లోనే ఉంది. ఆ సంస్థానం దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలికి ప్రాణం. ఇంగ్లిషు రానివాళ్లకు కూడా శాస్త్రం అందాలని తెలుగులో శాస్త్ర గ్రంథాలు అచ్చువేయించిన సంస్థ అది. అలాంటి ఊళ్లో భౌతికశాస్త్రాన్ని ఆటగా నేర్పితే తగిన పనే అవుతుంది.

చోటు గురించి ఆలోచిద్దాం. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణలో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వేశారు. మండల స్థాయిలో బృహత్ పల్లె ప్రకృతి వనాలు కూడా తలపెట్టారు. చెట్లున్న ప్రజల పార్కు అంటే మన పల్లెల్లో ముందుగా గుర్తొచ్చేది ఇవే. అయినా వీటిలో ఇప్పుడే ఈ ఆట పెట్టడం మంచిది కాదు. ఊరి వనాలు చాలావరకు చిన్నవి. చెట్లు ఇంకా లేతవి, దగ్గర దగ్గరగా నాటినవి.

లేత చెట్టుకు డిస్కు దెబ్బ చిన్నది కాదు. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. పలచని బెరడు మీద ఒకేచోట పదేపదే దెబ్బలు పడితే ఆ దారి తెగిపోతుంది. ముదురు చింత, వేప బెరడు మందంగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. నేల సంగతి ఇంకా ముఖ్యం. రోజూ వందల పాదాలు ఒకే దారిలో తొక్కితే మట్టి గట్టిపడి, అందులోని గాలి సందులు మూసుకుపోతాయి. వాన నీళ్లు ఇంకవు, వేళ్లకు ఊపిరాడదు, పైమట్టి కొట్టుకుపోతుంది. టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో పీజ్ పార్కు అని ఒకటుంది. అక్కడి డిస్క్ గోల్ఫ్ మైదానం చాలా పేరున్నది, పైసా ఖర్చులేనిది. నేల కోత, చెట్ల మీద భారం చూసి 2011 చివర్లో దాన్ని మూసేసి, ఆటను వేరే పార్కుకు మార్చారు. ఆట తేలికే గానీ అడవి మీద దాని బరువు తేలిక కాదని ఆ అనుభవం చెబుతోంది.

కాబట్టి మన దగ్గర మొదలుపెట్టాల్సింది పాత చెట్లున్న బడి ఆవరణలో, లేకపోతే ముదురు మామిడి తోపులో. తోపైతే కాపు లేని రోజుల్లో, యజమానిని అడిగి. తొమ్మిది గంపలు అక్కర్లేదు, మూడు చాలు. ముప్పై, నలభై, యాభై మీటర్ల దూరాల్లో పెట్టుకోవాలి. దారులు ఒకదాన్నొకటి దాటకూడదు. నడకదారి మీదికి, రోడ్డు మీదికి విసురు పోకూడదు. డిస్కు తలకు తగిలితే గాయమవుతుంది కనుక ముందున్నవాళ్లు పక్కకు తప్పుకున్నాకే విసరాలి. రెండు మూడు నెలలకొకసారి విసిరే చోటునూ గంప చోటునూ మార్చితే నేల కోలుకుంటుంది. గంపను వెల్డింగు షాపులో చేయించుకోవచ్చు. ఒక ఇనుప గొట్టం, నడుమెత్తున కడ్డీల గంప, పైన ఒక చక్రం, దానికి వేలాడే పది పన్నెండు సన్న గొలుసులు ఉంటే సరిపోతుంది. అదీ కుదరకపోతే హెడ్రిక్ మొదట పెట్టినట్టు వట్టి స్తంభం పాతినా ఆట ఆగదు. స్తంభం బదులు చెట్టునే గురిగా పెట్టడం మాత్రం వద్దు.

తొమ్మిదో తరగతికి చలన నియమాలు చెప్పే సైన్సు మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. మూడో నియమాన్ని నల్లబల్ల మీద రాసిన మర్నాడు పిల్లలను చెట్ల కిందికి తీసుకెళ్లి చేతికొక డిస్కు ఇవ్వండి. తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి విసిరించండి. ముక్కెత్తి ఒకసారి, దించి ఒకసారి విసిరించండి. ఎటు పోయిందో, ఎందుకు పోయిందో వాళ్లనే రాయమనండి. ఒకసారి కొన్న డిస్కు గైడు పుస్తకంలా ఏటా మారదు.